కరుణ పేరు మీద ఒక రూలు

నాకు ముక్కు మీద కోపమని మా ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. పేరు స్నేహలత, స్నేహం తక్కువ అని వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ. చౌటుప్పల్‌లో మందులు తయారుచేసే కంపెనీ మాది. కంప్యూటర్ సెక్షన్ అంటే నేనూ, ఎప్పుడు చల్లబడుతుందో దానికే తెలియని ఒక ఏసీ. కంపెనీకి వచ్చే మెయిళ్లలో సగం చెత్తే. లాటరీ తగిలిందనేవాడొకడు, పార్సిల్ ఆగిపోయిందనేవాడొకడు, ఖాతా మూసేస్తామని బెదిరించేవాడొకడు. ఎవరో ఒకరు నమ్మి నొక్కుతారు, తిట్లు నాకు పడతాయి. అందుకని ఎవరో చేసిపెట్టిన ఫిల్టర్ మీద ఆధారపడకుండా నా రూల్స్ నేనే రాసుకుంటాను.

రూలంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక మాటను ఆపితే అవతలివాడు మాట మార్చి వస్తాడు. కాబట్టి మాటను కాకుండా మాట తీరును పట్టుకోవాలి. మొదట ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి ఉండాలి, తర్వాత కొంత ఖాళీ ఉన్నా లేకున్నా సరే, ఆ తర్వాత ఎన్ని అంకెలైనా రావచ్చు, అని చుక్కలతో, నక్షత్రం గుర్తులతో ఒక్క వరుసలో రాస్తాం. దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. చూసేవాళ్లకు కోడి గెలికినట్టు కనిపిస్తుంది. మాది నారాయణపేట, చీరల మగ్గాల మధ్య పుట్టినదాన్ని. అంచులో ఏ పోగు తర్వాత ఏ పోగు రావాలో చూస్తూ పెరిగినందుకేమో, నాకు ఈ పని ఇష్టం.

ఇష్టమైన ఆ పనిని ఒకసారి పక్కింటి కోసం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు కీబోర్డు ముట్టుకోబుద్ధి కాలేదు.

హైవే దాటాక, వడ్ల మిల్లు వెనక లైన్లో రెండు పోర్షన్ల ఇల్లు. ఒకదాంట్లో నేను కిరాయికి ఉంటాను. రెండోదాంట్లో ఇస్రాయేలు పెద్దనాయిన, మైసమ్మ పెద్దమ్మ. చుట్టాలేం కాదు. మధ్యలో ఉన్నది ఒకటే గోడ కాబట్టి వరస దానంతటదే కలిసింది. ఆయన మా ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. ఆమె ఒక వెంచర్‌లో ప్లాట్ల మధ్య నాటిన మొక్కలకు నీళ్లు పడుతుంది. ఇళ్లు ఎప్పుడు లేస్తాయో తెలియదు గాని చెట్లు మాత్రం ఆమె చలవతో మనిషెత్తు పెరిగాయి.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు కరుణ. రెండు వైపుల చుట్టాల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. బీ ఫార్మసీ పాసై ఉద్యోగం వెతుక్కుంటూ ఉండగా జ్వరమొచ్చింది. డెంగీ అన్నారు. హైదరాబాద్ దవాఖానకు పోయేటప్పుడు నాకు చెయ్యి ఊపి, తన కాళ్లతో నడిచి ఆటో ఎక్కింది. అంబులెన్సులో తిరిగొచ్చింది. ఇంతకంటే రాయలేను. రాస్తే కోపమొస్తుంది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

కరుణ పోయాక ఆమె ఫోను ఇంట్లో మిగిలింది. దాన్ని మూసి పెట్టెలో పెట్టడానికి లేదు. ఎందుకంటే ఆ ఇంటి మొత్తానికి ఉన్న మెయిల్ ఐడీ కరుణది ఒక్కటే. మా దిక్కు చాలా ఇళ్లలో ఇదే తీరు. చదువుకున్న పిల్లకు ఒక ఐడీ ఉంటుంది, ఇంటిల్లిపాది కాగితాలనూ దానికే ముడేస్తారు. తండ్రి పీఎఫ్, తల్లి ఆధార్, గ్యాసు, కరెంటు, అన్నీ. పిల్ల ఉన్నన్నాళ్లూ ఏ ఫికరూ లేదు. ఆ పిల్లే లేకుండా పోతే ఏం చేయాలో ఎవరూ అనుకోలేదు, అనుకోరు కూడా. ఐడీ తీసేస్తే ఇంటి పనులన్నీ ఆగిపోతాయి. ఉంచితే కరుణకు మెయిళ్లు వస్తూనే ఉంటాయి.

కుప్పలుగా వచ్చాయి. ఉద్యోగాల వెబ్‌సైట్ కనబడితే చాలు, పేరు రాసేది ఆ పిల్ల. "నీ ఐడీని తీస్కపోయి సంతల పెట్టినవు గదనే" అని నేను తిట్టేదాన్ని. నవ్వి ఊరుకునేది. ఇప్పుడా సంత మొత్తం వాళ్లింటికి వస్తోంది. కరుణా, నీకు సరిపోయే ఉద్యోగాలు దొరికాయి. కరుణా, నీ ప్రొఫైల్‌ను ఒక కంపెనీ చూసింది. కరుణా, ఇంకా ఆలోచిస్తున్నావా? టింగ్ మన్నప్పుడల్లా గోడ ఇవతల నేను చేస్తున్న పని ఆపేసేదాన్ని.

ఒకరోజు పొద్దున బోరు దగ్గర నీళ్లు పడుతుంటే ఇస్రాయేలు పెద్దనాయిన వచ్చి నిలబడ్డాడు. యూనిఫాం వేసుకున్నాడు గాని కంపెనీ బస్సు కోసం పోవడం లేదు.

"బిడ్డా, జర నీతోని పనుండె."

"చెప్పు పెద్దనాయినా."

"గా ఫోన్ల కరుణ పేరు రాకుంట చెయ్యొస్తదా?"

నేను ఆయన వైపు తిరిగాను. ఆయనే చెప్పుకొచ్చాడు.

"మీ పెద్దమ్మకు సదువు రాదు గని, పిల్ల కాలేజీ కార్డు మెడల ఏస్కొని తిరిగినన్ని దినాలు సూసింది గదా, గా ఇంగిలీషుల కరుణ అని ఎట్లుంటదో గుర్తువడ్తది. ఫోన్ల గా పేరు కనవడ్డదంటె నా ముంగటికొచ్చి కూసుంటది. సదువుమంటది. నేను కూడబలుక్కొని సదువుత. ఉద్యోగమిస్తరట, రమ్మంటున్రు అంట. ఏ ఊర్ల అంటది. జీతమెంత అంటది. దూరమైతె మన పిల్ల ఒక్కతె ఎట్లుంటది అంటది."

బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్నా నేను మోటరు ఆపలేదు.

"మన్ను వెట్టిననాడు నేను ఏడ్వలే బిడ్డా. నేను ఏడిస్తె ఆమె ఏమైతదో అని పండ్లు గట్టిగ వట్టుకొని నిలవడ్డ. గిప్పుడు షిఫ్టు దిగి ఇంటికి రావాల్నంటె భయమైతాంది. రోజూ పిల్లను మళ్ల పాతివెడ్తున్నట్టే ఉంది నాకు. ఆమెకు మర్పు రావాల్నంటె గా పిలుపు ఆగాలె."

"ఆపుత పెద్దనాయినా," అన్నాను. ఇంకేమంటాను.

ఆ ఆదివారం వాళ్లిద్దరూ చర్చికి పోయినప్పుడు, ఆయన ఇచ్చిపోయిన ఫోను ముందు పెట్టుకుని, కరుణ ఐడీని నా ల్యాప్‌టాప్‌లో తెరిచి కూర్చున్నాను. మామూలు ఫిల్టర్‌తో అయ్యే పని కాదు. కరుణ పేరున్నదల్లా ఆపితే గ్యాసు మెయిల్ కూడా ఆగిపోతుంది, అదీ ఆమె పేరు మీదే వస్తుంది కదా. కాబట్టి వచ్చిన ప్రతి మెయిలూ ముందు ఓ పక్కన ఆగేలా చేశాను. నా రూలు దాన్ని చూస్తుంది. పంపినవాడు పీఎఫ్, గ్యాసు, కరెంటు లాంటివాడైతే వదిలేస్తుంది. కాకపోతే, మొదట హాయ్, హలో, డియర్‌లలో ఏదో ఒకటి ఉండి, తర్వాత ఎంత ఖాళీ ఉన్నా సరే కరుణ పేరుంటే దాన్ని వేరే అరలోకి నెట్టేస్తుంది. పేరు ముందే వచ్చి పలకరింపు లేకపోయినా నెట్టేస్తుంది. పేరు చుట్టూ పువ్వులూ చుక్కలూ పెట్టినా నెట్టేస్తుంది.

చెరిపెయ్యమని మాత్రం రాయలేదు. వేరే అరలో ఉంచమన్నాను. అంత ధైర్యం నాకు లేకపోయింది.

లాటరీ గాడి కోసం రూలు రాసేటప్పుడు పళ్లు కొరుకుతూ రాస్తాను, వాడు దొరికితే సంతోషం. ఇక్కడ పట్టుకోవాల్సిన దొంగ ఎవరు? మా కరుణ. వరుస రాసిన ప్రతిసారీ ఆ పేరు నేనే కొట్టాలి, ఏయే వేషాల్లో రావచ్చో నేనే ఊహించాలి, ఊహించి ప్రతి వాకిలీ మూయాలి. మూస్తుంటే కళ్లు మసకబారి ఒక నక్షత్రం గుర్తు వేయడం మరిచాను. అది నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

సాయంత్రం ఫోను తిరిగి ఇచ్చేశాక, రూలు పనిచేస్తోందా లేదా చూడాలని ఆఫీసులో పరీక్షలకు వాడే ఐడీ నుంచి ఒక మెయిల్ రాశాను. హలో కరుణా అని ఇంగ్లీషులో రాశాను. కింద ఏదో ఒకటి ఉండాలి కదా. చేతికి వచ్చిందే రాశాను, ఎలా ఉన్నావు అని. పంపాను.

గోడ అవతల టింగ్ మంది.

"సూడు, మళ్ల ఎవలో పిలుస్తున్రు," అని మైసమ్మ పెద్దమ్మ గొంతు. ఆ గొంతులో ఉన్నది సంతోషమే, నేను పొరపడలేదు. పెద్దనాయిన ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం వినబడింది.

"ఏమంటున్రు?"

"ఎట్లున్నవ్ అంటున్రు."

తర్వాత ఆమె అంది, "మంచిగున్నదని చెప్పు."

నేను నోట్లో కొంగు కుక్కుకుని తప్పిపోయిన గుర్తు వెతికాను. పెట్టాను. మళ్లీ ఒక మెయిల్ పంపాను. ఈసారి గోడ అవతల ఏమీ మోగలేదు.

ఆ తర్వాత కరుణ పేరు ఆ ఇంటికి రాలేదు. కొత్త వేషంలో వచ్చినవాటికి నేను కొత్త వరుసలు కలిపాను. పుట్టినరోజు శుభాకాంక్షలు ఆపాను. పరీక్షల గడువు గుర్తుచేసేవి ఆపాను. కంపెనీలో నా ఫిల్టర్ ఇంత బాగా ఎప్పుడూ పనిచేయలేదు. ఇస్రాయేలు పెద్దనాయిన కంపెనీ బస్సు దిగి నేరుగా ఇంటికే రావడం మొదలుపెట్టాడు. ఒకసారి క్యాంటీన్‌లో కనబడి, ఏమీ అనకుండా తన ప్లేట్లోని అరటిపండు నా ప్లేట్లో పెట్టిపోయాడు.

వానలు ఆగి పత్తి ఏరే కాలం వచ్చింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఇస్త్రీ చీర కూడా మార్చుకోకుండా పెద్దమ్మ నా గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫోను.

"బిడ్డా, గిది ఖరాబైందా జర సూడు."

తీసుకుని అటూ ఇటూ నొక్కి చూసినట్టు చేశాను. "మంచిగనే ఉంది పెద్దమ్మా."

"గ్యాసుది వచ్చింది, మోగింది. కరెంటుది వచ్చింది, మోగింది. పిల్లను మాత్రం ఎవ్వలు పిలుస్తలేరు."

నేను తల ఎత్తలేదు. ఆమె గడప మీదే కూర్చుంది. గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా అడిగింది.

"వాళ్లకు ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"ఏం చెప్పుడు?"

"పిల్ల లేదని."

నేను ఫోను ఆమె ఒళ్లో పెట్టేశాను.

"నాకు ఎర్క లేదనుకుంటున్నరు మీరందరు," అంది ఆమె. "ఎందుకెర్కలేదు? నా చేతుల్తోని మన్ను పోసిన. చర్చిల ప్రార్థన చేసినప్పుడు పరలోకమున్న మా బిడ్డ అని నేనే అంట. వాడకట్టుల అందరికెర్క. ఎవలు కనవడ్డా నా మొకం దిక్కు జాలిగ సూస్తరు, పిల్ల పేరెత్తరు. నా ముంగట ఆ పేరు తీసేటోళ్లే లేకపాయిరి. గా ఫోన్లోళ్లకే ఎర్క లేకుండె. గందుకే వాళ్లు బతికున్న పిల్లను పిలిచినట్టు పిలుస్తుండె. ఎర్క లేనోళ్లు కొందరన్న ఉండనీ అనుకున్న బిడ్డా. వాళ్ల కాడన్న నా బిడ్డ ఉంటదనుకున్న. ఎవలు పోయి చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలేదు పెద్దమ్మా. నేనే ఆపిన," అన్నాను. ఎలా ఆపానో, ఎక్కడ ఉన్నాయో చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మీ పెద్దనాయిన చెప్పిండా?"

తల ఊపాను.

"ఆయన ఏడ్వడు," అంది. "నాతోని గూడ ఏడ్వడు. ఒక్కడే లోపల్లోపల కాలుతుంటడు." కొంగుతో ఫోను తుడిచి నా చేతికిచ్చింది. "ఆయన్ను అడిగి తీసెయ్ బిడ్డా. దొంగతనంగ వద్దు."

అడిగాను. షిఫ్టు నుంచి వచ్చి బోరు దగ్గర చేతులు కడుక్కుంటున్న మనిషికి ఆమె అన్నదంతా అన్నట్టే చెప్పాను. ఆయన సబ్బు పట్టిన చేతుల్ని కడుక్కోకుండా అలాగే ఉండిపోయాడు.

"నేనామె మర్శిపోవాల్నని సూసిన," అన్నాడు చివరికి. "తీసెయ్ బిడ్డా. గని సదువుడు నాతోని గాదు. నువ్వు సదువు."

ఆ సాయంత్రమే రూలు తీసేశాను. ఇన్నాళ్లూ వేరే అరలో పడి ఉన్న మెయిళ్లను ఉన్నవి ఉన్నట్టు ఆమెకు చదివి వినిపించాను. అయితే కొత్తవి రావడం పలచబడింది. ఎందుకో నాకు తెలుసు. మెయిల్ తెరిచారో లేదో పంపినవాడికి తెలుస్తుంది. ఇంతకాలం పెద్దమ్మ కోసం పెద్దనాయిన ప్రతిదీ తెరిచేవాడు కాబట్టి వాళ్లు పంపుతూ వచ్చారు. నా రూలు అడ్డం పడ్డాక ఎవరూ తెరవలేదు. ఈ ఐడీ దగ్గర మనిషి లేదని ఒక్కో కంపెనీ మిషనూ తనంతట తాను తేల్చుకుని పేరు కొట్టేసింది. తెరవడం మళ్లీ మొదలుపెట్టాం గాని అప్పటికే చాలా చోట్ల ఆలస్యమైంది. పెద్దమ్మకు ఇది చెప్పలేక, పండగలకు సెలవులు పెద్దమ్మా, కంపెనీలోళ్లు తక్కువ రాస్తరు అని నసిగాను. ఆమె నమ్మినట్టు తల ఊపింది.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం మోగింది. ముగ్గురం వాకిట్లోనే ఉన్నాం. పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయలు, పెద్దనాయిన గోడకు సున్నం కొడుతున్నాడు. ఆమె ఫోను తెచ్చి నాకిచ్చి ఎదురుగా కూర్చుంది. చూశాను. కరుణ పేరు రాసుకున్న మొదటి వెబ్‌సైట్ అది.

"ఏమంటున్రు బిడ్డా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. పెద్దనాయిన అన్ని దినాలు ఇక్కడే కూర్చుని నరకం పడుతూ కూడా ఉన్నదే చదివాడని గుర్తొచ్చి, ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. "కరుణా, చాలా రోజులుగా నీ నుంచి ఏ కబురూ లేదు. మేము రాయడం నీకిష్టం లేదేమో. నువ్వు ఇంకా ఉంటే కింద ఉన్న బొత్తాం నొక్కు. నొక్కకపోతే ఇదే ఆఖరి మెయిల్. ఇక నిన్ను విసిగించం."

పెద్దనాయిన కుంచె బకెట్లో వదిలేసి దగ్గరికి వచ్చాడు.

"నొక్కితె?" అంది పెద్దమ్మ.

"ఉన్నదనుకుంటరు. రాస్తనే ఉంటరు."

"నొక్కకుంటె?"

నేను ఫోను ఆమెకు అందేలా ముందుకు పట్టాను. ఆమె వేలు బొత్తాం దాకా వచ్చి ఆగింది. మొగుడి ముఖంలోకి చూసింది. ఆయనకు ఇష్టం లేకుండా చేయకూడదనుకుందో, చేసే బలం లేకపోయిందో నాకు తెలియదు.

ఇస్రాయేలు పెద్దనాయిన సున్నం చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. ఫోను నా చేతిలో ఉండగానే వంగి, బొటనవేలితో బొత్తాం నొక్కాడు. ఒకసారి పట్టకపోతే మళ్లీ నొక్కాడు. పరలోకంలో ఉందని ప్రతి ఆదివారం ఒప్పుకునే బిడ్డను, ఇక్కడే ఉందని ఆయనే తన చేత్తో చెప్పాడు.

ఒక చక్రం తిరిగింది. స్క్రీన్ మారింది.

"ఏమన్నరు?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

చదివాను.

"తిరిగి వచ్చినందుకు సంతోషం, కరుణా."

మైసమ్మ పెద్దమ్మ చేతిలోని చిక్కుడుకాయలు జారి కిందపడ్డాయి. ఆమె ఫోను వైపు చూసి, ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పినట్టు, "రాలే అయ్యా," అంది. "మా బిడ్డ రాలే. ఇగ రాదు." ఇక రాదన్న మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. పెద్దనాయిన ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. తడి సున్నం అంటిన చేతుల్లో ముఖం పెట్టుకుని, మన్ను పెట్టిననాడు ఆపుకున్నదంతా లైను మొత్తం వినబడేలా ఏడ్చాడు. ఆమె ఆయన తలను తన ఒడిలోకి తీసుకుంది.

లేచి నా పోర్షన్లోకి పోబోయాను. ఆయన తల ఎత్తకుండానే నన్ను ఆపాడు.

"బిడ్డా, మళ్ల ఆపకు. రేపటి సంది నేనే సదువుత."